డాబా మీద పాచి



శ్రావణమాసంలో ఒక తెల్లవారుజాము. రాత్రంతా పట్టిన ముసురు కాస్త తెరిపిచ్చింది. తీగె మీద మరిచిపోయిన బట్టలు తీద్దామని ఇల్లాలు డాబా ఎక్కుతుంది. చివరి మెట్టు దాటి రెండో అడుగు వేసేసరికి కాలు జర్రున జారుతుంది. కోస్తా జిల్లాల్లో ఈ సంగతి ఎరగని వీధి ఉండదు. కుర్రవాళ్ళయితే మోచెయ్యి గీరుకుపోయి ఊరుకుంటుంది. అరవై దాటినవాళ్ళకు అదే జారుడు తుంటి ఎముక విరగ్గొట్టి నెలల తరబడి మంచాన పడేయగలదు.

ఇంత పని చేసింది కాగితమంత మందం కూడా లేని ఒక పొర.

దాన్ని పాచి అంటారు, పాకుడు అంటారు, కొన్నిచోట్ల నాచు అనీ అంటారు. మాటలు కలిసిపోయినా డాబా మీద పెరిగేవి మాత్రం వేరు వేరు. ముందుగా వచ్చేది పాచి. దానికి వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. అందులో ఎక్కువ భాగం సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు. పాత పాఠ్యపుస్తకాలు వీటినే నీలి ఆకుపచ్చ శైవలాలు అన్నాయి. వరిచేలో నత్రజని కోసం జీవన ఎరువుగా చల్లే నీలి ఆకుపచ్చ నాచు రైతులకు కొత్త కాదు. డాబా మీది పాచి దానికి దగ్గరి చుట్టం. పొలంలో మేలు చేసే కుటుంబమే ఇంటిమీదకు వచ్చేసరికి కీడవుతోంది. ఆ మాటకొస్తే భూమి గాలిలో మొదటిసారి ఆక్సిజన్ నింపినవి కూడా ఈ జీవులే. అది సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందటి ముచ్చట. ఇంత పాత జీవిని ఒక పూట చీపురుతో వదిలించుకోవాలనుకోవడం కష్టమే.

పాచి జారడానికి కారణం దాని ఒంటిమీది జిగురు. ప్రతి కణమూ తన చుట్టూ ఒక బంక తొడుగు కట్టుకుంటుంది. వాన పడ్డప్పుడు ఆ తొడుగు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. ఎండ కాసినప్పుడు ముడుచుకుపోయి నల్లటి పెచ్చులా శ్లాబును అంటిపెట్టుకుంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. వైశాఖంలో డాబా నల్లబడితే దుమ్ము అనుకుంటారు, పొగ అనుకుంటారు. ఆ నలుపులో ఎక్కువ భాగం ఎండిన పాచే. అది చచ్చిపోలేదు, నిద్రపోతోంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలకుండా సైటోనెమిన్ అనే ముదురు రంగు పదార్థాన్ని తొడుగులో నింపుకుని కూర్చుంటుంది. తొలకరి చినుకు తగిలిన కొద్ది గంటల్లోనే లేచి పని మొదలుపెడుతుంది. ఈ జాతిలో కొన్ని రకాలు దశాబ్దాలపాటు ఎండి ఉండి కూడా తడి తగలగానే తిరిగి ప్రాణం పోసుకోగలవు. భువనేశ్వర్, కోణార్క్ గుడుల రాతి మీద కనిపించే నల్లటి పూత కూడా చాలావరకు ఇలాంటి జీవులదేనని ఒడిశా పరిశోధకులు చూపించారు.

పాచి వచ్చిన ఒకటి రెండేళ్ళకు నాచు వస్తుంది. మెత్తగా, ముఖమల్ గుడ్డలా ఉండేది అది. అది నిజంగా మొక్కే. పాచి పట్టి ఉంచిన దుమ్ములో సన్నటి నూగులాంటి తంతువులు దించుకుంటుంది. ఆ నాచు మరికొంత మట్టిని పోగుచేస్తుంది. ఆ మట్టిలో కాకి రెట్టలోంచి ఒక రావి గింజ పడుతుంది. పిట్టగోడ మొదట్లో రెండు లేత ఆకులతో రావి మొక్క కనిపించాక గాని చాలా ఇళ్ళవాళ్ళు మేస్త్రికి కబురుపెట్టరు. అప్పటికి వేరు పగులులోకి దిగి ఉంటుంది. పైన మొక్కను పీకితే ఆకులే చేతికి వస్తాయి.

పాచి తనంతట తాను కాంక్రీటును కొరికి తినేస్తుందని భయపడనక్కరలేదు. దాని దెబ్బ మరో దారిన తగులుతుంది. ఎండకు ఆరిపోవాల్సిన శ్లాబును అది తడిగా ఉంచుతుంది. తడి సన్నటి పగుళ్ళలోకి దిగి లోపలి ఊచలను చేరుతుంది. ఇనుము తుప్పుపడితే ముందున్న చోటు కన్నా రెండింతలకు మించి చోటు కావాలంటుంది. ఆ ఒత్తిడికి కింద సీలింగు పెచ్చులూడి గదిలో రాలుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్ళలో గాలిలోనే ఉప్పు ఉంటుంది కాబట్టి ఈ పని మరింత తొందరగా జరుగుతుంది.

మరి కొత్త డాబా మీద మొదటి వానాకాలంలో పాచి ఎందుకు కనిపించదు?

సమాధానం సిమెంటులోని సున్నంలో ఉంది. క్షారగుణాన్ని కొలిచే పీహెచ్ లెక్కలో మంచినీళ్ళు 7 దగ్గర ఉంటే, కొత్త కాంక్రీటు 12 దాటి ఉంటుంది. ఆ ఘాటుకు పాచి నిలవలేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలి తగిలి, వాన కడిగి కడిగి, పైపొర మెల్లగా 9 దగ్గరికి దిగుతుంది. అప్పటినుంచి పాచికి తలుపు తెరిచినట్టే.

ఈ రసాయనం పేరు తెలియకపోయినా పని తెలిసినవాళ్ళు మన ఊళ్ళలో ఉండేవారు. సంక్రాంతికి గోడలకూ పిట్టగోడలకూ సున్నం వేయడం అందం కోసమే అనిపిస్తుంది. రాతి సున్నమో గుల్ల సున్నమో తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే కుతకుతలాడి, ఆరాక వెన్నలా తయారవుతుంది. దాని పీహెచ్ కూడా 12 పైనే. కొన్ని నెలలపాటు ఆ గోడ మీద ఏదీ మొలవదు. తర్వాత సున్నం గాలితో కలిసి సుద్దగా మారి ఘాటు పోగొట్టుకుంటుంది, మళ్ళీ పండగ వస్తుంది. ఏటేటా వేయాల్సి రావడాన్ని లోపంగా ఎంచి జనం రంగుల వైపు మళ్ళారు. పాచి సంగతికి వస్తే, ఆ ఏటేటా వేయడమే దాని బలం.

రాయలసీమ మట్టి మిద్దెలది ఇంకా ముచ్చటైన కథ. దూలాల మీద వాసాలు, వాటి మీద కంప, ఆకు, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. పంట పండని నేలలోంచి తవ్వితెచ్చిన ఆ చౌడుమట్టిని వానలకు ముందు మిద్దె మీద పరిచేవారు. అందులోని సోడియం లవణాల వల్ల బంకమట్టి రేణువులు విడిపోయి, సందులన్నీ పూడ్చేసి, నీటిని కిందికి దిగనివ్వవు. ఆ క్షారానికి గడ్డి కూడా మొలవదు. పొలానికి శాపమైన మన్ను ఇంటికి రక్షణయింది. కోస్తా పట్టణాల పాత డాబాలది మరో పద్ధతి. ఇంజనీర్లు మద్రాసు టెర్రస్ అనే ఆ డాబాల్లో టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి పేర్చి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ చిలకరిస్తూ రోజుల తరబడి చెక్కలతో కొట్టేవారు. ఆ దెబ్బకు పైభాగం రాయిలా గట్టిపడి నున్నగా దిగేది. పాచికి పట్టు కావాలంటే గరుకు కావాలి. అక్కడ అది తక్కువ.

నేటి ఆర్‌సీసీ శ్లాబుకు బలం ఎక్కువ, కాని దాని పైభాగం మీద శ్రద్ధ తక్కువ. ఇక్కడే అసలు విషయం ఉంది. మేస్త్రులు దాన్ని వాటం అంటారు. పడిన నీరు ఆగకుండా తూము దాకా నడిచే ఏటవాలు. కాంక్రీటు డాబాకు నూరు అడుగులకు ఒక అడుగు వాటమైనా ఉండాలి. అంటే పది అడుగుల దూరంలో అంగుళం పైచిలుకు దిగాలి. వినడానికి చిన్న లెక్క. శ్లాబు పోసిన రోజున, కంకర మిషను మోతలో, పొద్దు వాలకముందే ముగించాలన్న తొందరలో, మొదట ఎగిరిపోయేది ఈ అంగుళమే. తర్వాత పైన గచ్చు చేసేటప్పుడు సరిదిద్దవచ్చు అనుకుంటారు. డబ్బు చాలక ఆ గచ్చే వాయిదా పడుతుంది.

వాటం లేకపోతే ఏమవుతుందో లెక్కవేసి చూడవచ్చు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 2,360 లీటర్ల నీరు. అందులో పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న ఒక పల్లంలో అర సెంటీమీటరు లోతు మిగిలిపోతే అదే 46 లీటర్లు. ఎండాకాలమైతే ఒక్క పూటలో ఎగిరిపోతుంది. ముసురు రోజుల్లో గాలి నిండా తేమే కాబట్టి రెండు మూడు రోజులు అక్కడే ఉంటుంది. ఆలోగా మరో వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం, మధ్యలో వాయుగుండాలు. కోస్తాంధ్రలో ఆ పల్లం ఏడాదిలో సగం రోజులు ఆరదు. తెలంగాణలో వానలు ఎక్కువగా నైరుతితోనే ముగుస్తాయి కాబట్టి పాచి కాస్త ఆలస్యంగా పట్టి కాస్త ముందుగా ఎండుతుంది. నీళ్ళ ట్యాంకు పొర్లే ఇంటికి ఆ తేడా కూడా ఉండదు. మే నెల మధ్యాహ్నం డాబా అంతా పెనంలా కాలుతున్నా ట్యాంకు కింద జానెడు మేర పచ్చగా మెరుస్తూ ఉంటుంది. ఏసీ గొట్టం చుక్కలు పడే మూల, కూలరు కింద, పూలకుండీల అడుగున కూడా అంతే.

కాబట్టి పాచిని కడగడం సగం పని కూడా కాదు. నీరు నిలిచే చోటును వదిలేసి ఎంత ఖరీదైన మందు చల్లినా వచ్చే శ్రావణానికి అది అక్కడే ఉంటుంది.

అయినా కడగాలి, ఎందుకంటే కాలు జారేది ఈ శ్రావణంలోనే. ఎలా కడగాలన్నది చెప్పుకునే ముందు ఎలా కడగకూడదో చెప్పుకోవాలి. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ సీసా తెచ్చి శ్లాబు మీద పోసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నురగ పొంగుతుంది, పాచితోపాటు మరకలూ పోతాయి, డాబా తెల్లగా కనిపిస్తుంది. ఆ నురగ సిమెంటు కరిగిపోతున్న గుర్తు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం శ్లాబు పైపొరలోని సున్నాన్ని తినేసి ఇసుక రేణువులను బయటపెడుతుంది. నున్నటి చోటు గరుకవుతుంది. గరుకులో తడి నిలుస్తుంది. మరుసటి ఏడు పాచి మరింత దట్టంగా వస్తుంది. పైగా ఆమ్లం వదిలిపెట్టిన క్లోరైడు లోపలి ఊచలకు విషం. బావి గట్టు మీద ఉప్పు చల్లినట్టు డాబా మీద ఉప్పు చల్లడం కూడా ఇదే కారణంగా తప్పు. ఇనుప బ్రష్షుతో గీకడం, ఒత్తిడి యంత్రంతో నీళ్ళు కొట్టడం కూడా పాత శ్లాబు పైపొరను లేపేస్తాయి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. బ్లీచింగ్ పౌడరూ యాసిడూ ఎప్పుడూ కలపకూడదు. ఒకటి చల్లిన చోట రెండోది పోసినా అంతే. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

బ్లీచింగ్ పౌడరు ఒక్కటే చాలు. తాజా పొడిలో సుమారు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. మూత తీసి నెలల తరబడి ఉంచిన పొట్లంలో వాసన తప్ప బలం మిగలదు. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌లో 150 గ్రాములు కలిపితే నీటిలో అర శాతం క్లోరిన్ చేరుతుంది. అరగంట కదపకుండా ఉంచి, తేరిన నీటిని వాడుకోవాలి. పాచి ఎండి ఉన్న రోజునే ఈ పని పెట్టుకోవడం మంచిది. అప్పుడది జారదు. ముందు రాలిన ఆకులూ మట్టీ ఎత్తిపోసి, తూము నోరు శుభ్రం చేసి, మొక్కల మీద మంచినీళ్ళు చల్లి పక్కకు జరపాలి. వాననీరు ఇంకుడు గుంతకో సంపుకో పోయే గొట్టం ఉంటే దాన్ని ఆ పూటకు మళ్ళించాలి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు, ఒంటికి పాత బట్టలు. దూరపు మూలనుంచి మొదలుపెట్టి మెట్లవైపు వెనక్కి నడుస్తూ పోసుకుంటూ రావాలి. ఎండెక్కాక పోస్తే నిమిషాల్లో ఆరిపోతుంది కాబట్టి పొద్దున్నే చేయాలి. పదిహేను, ఇరవై నిమిషాలు తడిగా ఉంచి, కొబ్బరి పీచుతోనో పుల్లల చీపురుతోనో రుద్ది, పుష్కలంగా నీళ్ళతో కడిగేయాలి. నల్లగా గట్టిపడ్డ చోట వారం తర్వాత మరోసారి. పిట్టగోడ లేని అంచుల దగ్గర ఒంటరిగా పనిచేయకూడదు.

పెంకుటిళ్ళకు ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు. మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో పెంకుల కర్మాగారం పెట్టాక ఆ ఎర్ర పెంకులు దక్షిణాది అంతటా పాకాయి. అంతకుముందునుంచీ కుమ్మరి చేసిన గూనపెంకులు ఉండనే ఉన్నాయి. ఏ రకమైనా కాల్చిన మట్టి నీరు పీలుస్తుంది. కొబ్బరిచెట్టు నీడన, ఉత్తరపు వాలున నాచు దట్టంగా పడుతుంది. నాచు బరువెక్కి పెంకుల సందుల్లో అడ్డుపడితే వాననీరు వెనక్కి ఎక్కి వాసాల మీద పడుతుంది. పెంకుల మీద నడిస్తే పగులుతాయి. వానలకు ముందు పెంకులు సర్దించే రోజునే ఒక్కొక్కటీ కిందికి దించి, రుద్ది, ఎండబెట్టి మళ్ళీ వేయించడం మేలైన పని. పైన వంగిన కొమ్మను నరికిస్తే సగం బాధ తీరుతుంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళకు ఇదే జీవి మరో వేషంలో ఎదురవుతుంది. హ్యూస్టన్, అట్లాంటా లాంటి తేమ ఊళ్ళలో తారుపలకల ఇళ్ళకప్పుల మీద పైనుంచి కిందికి నల్లటి చారలు దిగుతాయి. గ్లియోకాప్సా మాగ్మా అనే సయనోబ్యాక్టీరియా పని అది. ఆ పలకల్లో కలిపే సున్నపురాయి పొడి దానికి అనుకూలం. అక్కడి పైకప్పు తయారీదారుల సంఘం బట్టలుతికే బ్లీచు, నీళ్ళు సమపాళ్ళలో కలిపి పోయమంటుంది, ఒత్తిడి యంత్రం వద్దంటుంది. ఆ కప్పుల మీద ఒక వింత చూడవచ్చు. పొగగొట్టం చుట్టూ జింకు పూసిన రేకు ఉంటే, దాని కింద వాన నీరు జారే దారి మటుకు శుభ్రంగా ఉంటుంది. రేకునుంచి అతి కొద్దిగా కరిగే జింకు పాచిని పెరగనివ్వదు. రాగి అంతకన్నా గట్టిది. అందుకే అక్కడ కప్పు కొప్పున జింకు, రాగి పట్టీలు బిగిస్తారు, పలకల మీది గులకల్లోనే రాగి కలుపుతారు.

రాగి సంగతి కోనసీమ రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కొబ్బరి మొవ్వు కుళ్ళుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పోయడం అక్కడ తెలిసిన వైద్యమే. ఆ మిశ్రమం 1880లలో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల్లో పుట్టింది. అదే మందు పాచినీ ఆపుతుంది. అయితే రాగి చేపలకు చేటు. డాబా నీరు చెరువులోకో, బావి పక్క ఇంకుడు గుంతలోకో పోయే ఇంట్లో మైలుతుత్తం వాడకపోవడమే మంచిది.

కడిగి, ఎండబెట్టాక పూత. బతికున్న పాచి మీద ఎంత మంచి రంగు వేసినా పొరలుపొరలుగా లేచిపోతుంది. తెల్ల సున్నమైనా సరే, తెల్లటి వాటర్‌ప్రూఫ్ పూతైనా సరే, శ్లాబు లోతుగా ఆరాకే వేయాలి. అందుకు రోహిణి కార్తె ఎండలకు మించిన అదను లేదు. తెల్ల పూత వల్ల మరో లాభం ఉంది. అది ఎండను తిప్పికొట్టి కింద గదిని కొన్ని డిగ్రీలు చల్లబరుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న ఆలోచన అదే. పాచి నల్లబడిన డాబా సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తుంది. ఎండను పీల్చుకుని రాత్రిదాకా ఇంట్లోకి వదులుతుంది. పాచి తీయడం వానాకాలపు భద్రతతోపాటు ఎండాకాలపు నిద్ర కోసం కూడా.

పల్లాలను పూడ్చడానికి పలచగా సిమెంటు రాస్తే ఏడాదిలో పగిలి పెంకులా లేస్తుంది. పాత శ్లాబుకు పట్టు దొరికేలా లేటెక్స్ కలిపిన మిశ్రమం వేయించాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూలను గుండ్రంగా తీర్పించాలి. తూము నోరు చుట్టూ కాస్త పల్లం ఉండేలా చూడాలి. ఇవన్నీ ఒక మంచి మేస్త్రికి రెండు మూడు రోజుల పని.

ఏ పల్లం ఎక్కడుందో మాత్రం మేస్త్రికన్నా వానే బాగా చూపిస్తుంది. శ్రోతలారా, ఈసారి గట్టి వాన వెలిసిన మర్నాడు, మెట్ల మీద తడి ఆరాక, గట్టి పట్టున్న చెప్పులు వేసుకుని ఒక సుద్దముక్కతో డాబా ఎక్కండి. నీరు ఇంకా నిలిచి ఉన్న ప్రతి చోటా దాని అంచు వెంట గీత గీయండి. పాచి అడుగుపెట్టాల్సివస్తే ముందుగా పెట్టేది ఆ గీతల లోపలే. మేస్త్రిని పిలిచిన రోజున ముందు ఆ గీతలు చూపించండి.